ఏ సినిమాతో తెలుగు నేర్పుదాం? బెంగళూరు పిల్లల కోసం ఆరు హాస్యచిత్రాల పోలిక

మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పదకొండు మంది పిల్లలు తెలుగు కోసం వస్తారు. మేముండేది కుందలహళ్లి దగ్గర. తల్లిదండ్రుల్లో కొందరిది గుంటూరు, కొందరిది కర్నూలు, కొందరిది కరీంనగర్. పిల్లలందరిదీ మాత్రం బెంగళూరే. బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ. తెలుగు ఇంట్లో చెవిన పడేదే. అది కూడా "పాలు తాగు", "చెప్పులు విప్పి రా", "ఫోను పక్కన పెట్టు" వరకే. అంటే ఆజ్ఞలు అర్థమవుతాయి, కబుర్లు అర్థం కావు. ఊరి నుంచి బామ్మ ఫోను చేసి ఒక సామెత వాడిందంటే ఆ ఫోను వెంటనే అమ్మ చేతికి వెళ్లిపోతుంది.

రెండేళ్ల నుంచి ఈ పిల్లలకు సినిమాలు చూపిస్తూ తెలుగు చెబుతున్నాను. వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, కె.ఆర్.పురం వైపు ఇలాంటి తరగతులు పెట్టుకున్నవాళ్లు, ఇంట్లోనే నేర్పాలనుకునే తల్లులు, సెలవుల్లో మనవల కోసం వచ్చే తాతలు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఏ సినిమా పెట్టమంటారు? నా అనుభవంలో తేలినది ఇక్కడ రాస్తున్నాను. పోలికకు తీసుకున్నవి ఆరు: మాయాబజార్, మిస్సమ్మ, గుండమ్మ కథ, శ్రీవారికి ప్రేమలేఖ, అహ నా పెళ్ళంట, మర్యాద రామన్న.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

పేరున్న సినిమా అనో, బూతు లేదనో ఎంచుకుంటే సరిపోదు. నేను రెండు విషయాలు చూస్తాను.

మొదటిది, నవ్వు మాటలోంచి రావాలి. జారిపడటం, చెంపదెబ్బ, కళ్లు తేలవేయడం చూసి నవ్వడానికి భాష అక్కరలేదు. అందుకని ముందు నేనే ఒక పరీక్ష చేసుకుంటాను. ఒక పది నిమిషాల ముక్కను శబ్దం తీసేసి ఒకసారి, శబ్దంతో మరొకసారి చూస్తాను. మొదటిసారే అంతా నవ్వొచ్చేస్తే ఆ ముక్క తెలుగు తరగతికి పనికిరాదు. రెండోసారి మాత్రమే నవ్వు వస్తే అందులో మనకు బోలెడు పని ఉంది.

రెండోది, కథలో ఒక అబద్ధం ఉండాలి. అది అబద్ధమని చూసేవాళ్లకు ముందే తెలియాలి. మన కుటుంబ హాస్యచిత్రాలలో చాలావాటికి ఇదే ఆయువుపట్టు. ఎవరో వేషం వేస్తారు, ఎవరో నమ్ముతారు, అసలు సంగతి మనకు తెలుసు కాబట్టి నవ్వుతాం. మీడియా అక్షరాస్యత అని పెద్ద పేరు పెట్టి చెప్పే చదువుకు ఇంతకన్నా మంచి పలక నాకు దొరకలేదు. ఎవరు చెప్పారు? ఎవరు నమ్మారు? ఎందుకు నమ్మారు? నిజం మనకెలా తెలిసింది? మాయాబజార్‌లో ఘటోత్కచుడు వేషం వేసిన మాయా శశిరేఖ విషయంలో ఈ నాలుగూ అడగడం అలవాటైన పిల్లలు ఇంటి వాట్సాప్ గుంపులో వచ్చిన సందేశాన్నీ అలాగే అడుగుతారు. మా తరగతిలో ఒక పదకొండేళ్ల అమ్మాయి, ఫలానా కషాయం తాగితే ఏ జబ్బూ రాదని వాళ్ల ఇంటి గుంపులో వచ్చినదాన్ని నాకు చదివి వినిపించి, "ఇందులో ఈ మాట చెప్పిన మనిషి ఎవరో లేదు కదా" అంది. ఆ ప్రశ్న ఆమె ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

మాయాబజార్: ఎక్కువ కాలం వాడుకోవచ్చు

1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు మాటలతో వచ్చిన ఈ సినిమా మూడు గంటలు దాటుతుంది. మొత్తం ఒకేసారి పెడితే పిల్లలు నలభయ్యో నిమిషానికి లేచిపోతారు. మేము పన్నెండు ఆదివారాలు తీసుకున్నాం. పౌరాణికం కదా, భాష కష్టం కాదా అని అందరూ అడుగుతారు. కష్టమే. కానీ ఆ కష్టం నవ్వులో కలిసి వస్తుంది కాబట్టి పిల్లలు దానికి భయపడరు.

ఉదాహరణకు గింబళి. కౌరవుల తరఫున వచ్చిన శర్మ, శాస్త్రుల్ని ఆటపట్టించే సన్నివేశంలో కంబళి కాస్తా గింబళి అవుతుంది, తల్పం గిల్పం అవుతుంది. ఇక్కడ నేను బొమ్మ ఆపాను. పుస్తకం గిస్తకం, అన్నం గిన్నం అని మనం అనే తీరు ఇదే అని చెప్పబోతున్నాను. అంతలో వెనక కూర్చున్న అబ్బాయి, "మా కన్నడ మిస్ కూడా పుస్తక గిస్తక అంటారు" అన్నాడు. గది మొత్తం ఒక్కసారి లేచింది. ఊట గీట, కాఫీ గీఫీ, చెట్టు గిట్టు, బస్సు గిస్సు అంటూ కన్నడం, తెలుగు కలిపి అరగంట అరిచారు. ఇంగ్లీషులో ఇలా కుదరదని కూడా వాళ్లే కనిపెట్టారు. తెలుగు తమకు రాని భాష అనుకుంటున్న పిల్లలకు, అందులో సగం దారి తాము రోజూ బడిలో నడుస్తున్నదేనని ఆ రోజు తెలిసింది. ఆ ఆదివారం తర్వాత ఎవరూ తరగతి మానలేదు.

ఘటోత్కచుడి కొలువులో అసమదీయులు, తసమదీయులు అనే జంట ఉంది. అస్మదీయులు అంటే మనవాళ్లు. రాక్షసుల నోట్లో ఒత్తు నిలవక అసమదీయులైంది. దానికి ఎదురుమాట కావాలి కాబట్టి తసమదీయులు పుట్టింది. నిఘంటువులో లేని మాటను కూడా విన్న వెంటనే మనం అర్థం చేసుకోగలం, ఎందుకంటే పక్కన దాని జత ఉంది. పిల్లలతో ఇలాంటి మాటలు పుట్టించే ఆట ఆడించండి. వ్యాకరణం పేరెత్తకుండానే వ్యాకరణం వచ్చేస్తుంది.

ఇక ప్రియదర్శిని పెట్టె. బలరాముడి కూతురు శశిరేఖకు కృష్ణుడు ఇచ్చే కానుక అది. ఎవరు తెరిస్తే వాళ్లకు ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు తెరిస్తే పాచికలతో శకుని! మీ చేతికి ఆ పెట్టె ఇస్తే ఏం కనిపిస్తుందని అడిగాను. కుక్కపిల్ల, క్రికెట్ బ్యాటు, ఐస్‌క్రీము అని వరసగా చెబుతున్నారు. తొమ్మిదేళ్ల పాప ఒకతె మాత్రం కొంచెం ఆలోచించి, "ఇది అమ్మ ఫోనే కదా" అంది. అమ్మ ఫోను తెరిస్తే చీరలు, నాన్న ఫోను తెరిస్తే క్రికెట్, అన్న ఫోను తెరిస్తే ఆటలు. తెరిచినవాళ్ల ఇష్టమే తెర మీద కనిపిస్తుంది. ఇంతకన్నా స్పష్టంగా ఆ సంగతి చెప్పడం నాకు చేతకాదు. ఆ వారం ఇంటిపని ఏమిటంటే, ఇంట్లో ముగ్గురి ఫోన్లలో ఒకే వీడియో యాప్ తెరిచి, మొదట కనిపించిన అయిదేసి వీడియోల పేర్లు తెలుగులో రాసి తేవడం. ఇంటికొక కాగితం వచ్చింది. ఒక్క ఇంట్లో కూడా ముగ్గురివి ఒకేలా లేవు. మరి శకునిని కృష్ణుడికి ఎందుకు చూపించింది, శకుని అంటే ఆయనకు ఇష్టమా అని ఒకబ్బాయి అడిగాడు. మనం పదేపదే తలుచుకునేదీ ఇష్టమైనదీ ఒకటేనా అని తరగతిని అడిగి ఊరుకున్నాను. మీరూ అక్కడ జవాబు చెప్పకండి.

సావిత్రి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించిన భాగం వేషం అనే పాఠానికి శిఖరం. ఎవరూ లేనప్పుడు రాక్షసుడి నడక, ఎవరైనా రాగానే పెళ్లికూతురి సిగ్గు. అహ నా పెళ్ళంట పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది. కళ్లు మూసుకుని వినమని, గొంతు మారినప్పుడల్లా చెయ్యి ఎత్తమని చెప్పండి. చిన్నపిల్లలకు ఇది ఎంతో ఇష్టమైన ఆట. మోసం కంటికి అందనప్పుడు చెవికి అందవచ్చని వాళ్లకు ఒంటబడుతుంది.

ఇందులో ఇంకో రెండు విషయాలు పెద్దపిల్లలకు దాచి ఉంచండి. మొత్తం కథ పాండవుల చుట్టూ తిరిగినా ఒక్క పాండవుడు కూడా తెర మీదికి రాడు. సగం సినిమా అయ్యాక ఈ మాట చెబితే వెనక్కి వెళ్లి వెతుక్కుంటారు. పైగా ఈ శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. జనం నోళ్లలో పెరిగిన కథ ఇది. "మహాభారతంలో ఉంది" అని ఎవరైనా అంటే ఎక్కడుందని అడగడానికి ఇదే మంచి సందర్భం.

నలుపు తెలుపుదా, 2010లో రంగులు అద్ది విడుదల చేసినదా? పదేళ్లలోపు పిల్లలైతే రంగులదే పెట్టండి, పట్టుదలకు పోవద్దు. పెద్దపిల్లలకు ఒకే సన్నివేశం రెండు రూపాల్లోనూ చూపించి, శశిరేఖ చీర రంగు ఎవరు నిర్ణయించారని అడగండి. 1957 నాటి ప్రేక్షకులు చూడని రంగు అది.

మిస్సమ్మ, గుండమ్మ కథ: ఈ రెండింట్లో ఏది?

భాష ఒక్కటే లెక్క అయితే మిస్సమ్మకే నా ఓటు. 1955లో ఎల్.వి.ప్రసాద్ తీశారు. చక్రపాణి మాటలు పొట్టిగా, ఇంట్లో మాట్లాడుకున్నట్టు ఉంటాయి. పౌరాణిక సమాసాల బెడద లేదు. తెలుగు కొంచెం వచ్చిన పిల్లవాడు వాక్యం వెంట వాక్యం పట్టుకోగలడు. కథ కూడా మన కొలతకు అచ్చంగా సరిపోతుంది. దంపతులే కావాలన్న బడిలో ఉద్యోగం కోసం, ఏ సంబంధమూ లేని ఇద్దరు నిరుద్యోగులు మొగుడూ పెళ్ళాలమని చెప్పి చేరతారు. ఊరంతా నమ్ముతుంది. నలుగురిలో ఉన్నప్పుడు ఒక వరస, ఇద్దరే ఉన్నప్పుడు ఇంకో వరస. పిలుపులు ఎప్పుడు మారుతున్నాయో, "మీరు" ఎప్పుడు ఎలా పలుకుతున్నారో గీత గీసి రాయించండి. మన పిల్లలకు పిలుపుల మర్యాద రాదని బాధపడే పెద్దలకు ఇది మందు. పక్కింటి వాళ్లందరూ అంకుల్, ఆంటీ అయిపోయిన చోట బాబాయి, పిన్ని, వదిన, బావ అనే మాటలకు ఒక కొలువు కావాలి.

ఆ అబద్ధం ఎందుకు చెప్పారన్నది కూడా మాట్లాడించదగిన విషయం. వాళ్లు దుర్మార్గులు కారు, ఉద్యోగం లేనివాళ్లు. అవసరం మనిషి చేత ఏం చెప్పిస్తుందో పిల్లలకు అర్థమవుతుంది. అన్నట్టు ఈ "అవసరం" దగ్గరే మా తరగతిలో ఒక చిక్కు వచ్చింది. కన్నడంలో అవసర అంటే తొందర. "నాకు అవసరం లేదు" అని ఒకమ్మాయి అంటే, తొందర లేదు, తర్వాత ఇవ్వండి అని ఆమె ఉద్దేశం. నేను వద్దంటోందనుకుని లడ్డూల పెట్టె మూసేశాను. ఇలాంటి మాటలకు ఒక పట్టిక గోడకు అంటించాం. తిండి అంటే కన్నడంలో పొద్దున్న తినే ఫలహారం, మనకు తినేదంతా తిండే. ఊట అంటే వాళ్లకు భోజనం, మనకు నీటి ఊట.

గుండమ్మ కథకు మాత్రం బెంగళూరులో ఇంకెక్కడా లేని సౌకర్యం ఉంది. 1962లో వచ్చిన ఈ తెలుగు సినిమాకు మూలం 1958 నాటి కన్నడ చిత్రం మనె తుంబిద హెణ్ణు. బి.విఠలాచార్య తీసినది. గుండమ్మ అనే పేరే కన్నడ ఇళ్లలో ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి పక్క ఫ్లాటులో ఉన్న కన్నడ అజ్జిని తరగతికి పిలవవచ్చు. మేము పిలిచాం. ఆమె కన్నడంలో చెప్పారు, పిల్లలు తెలుగులో తిరిగి చెప్పారు. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం కన్నా మంచి సాధన లేదు. ఇంటి భాష, ఊరి భాష పోట్లాడుకునేవి కావని కూడా ఆ గంటలో పిల్లలకు తెలిసింది.

గుండమ్మగా వేసిన సూర్యకాంతం ఉన్న ప్రతి సన్నివేశం ఒక పాఠమే. ఆమె గొంతు చేసేది గమనించమనండి: డబ్బున్నవాళ్లు వస్తే ఒకటి, సవతి కూతురు లక్ష్మి ఎదురైతే ఇంకొకటి. మాట అదే, స్వరం వేరు. అయితే ఈ సినిమాలో నాకు మింగుడుపడనిది ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదని నా అభిప్రాయం. గుండమ్మకూ, గారాబంగా పెరిగిన ఆమె కూతురు సరోజకూ బుద్ధి చెప్పడానికి వేషాలు వేసేవాళ్లందరూ డబ్బున్న ఇంటి మగవాళ్లే. వాళ్లకు బుద్ధి చెప్పేవాళ్లెవరూ కథలో లేరు. సరోజ పడ్డ బాధ న్యాయమేనా అని అడిగాను. అమ్మాయిలు ఇద్దరు గట్టిగా కాదన్నారు. పన్నెండేళ్ల అబ్బాయి ఒకడు సరోజ పొగరు సంగతి ఎత్తాడు. అరగంట తెలుగులోనే వాదించుకున్నారు. మాట దొరకనప్పుడు నన్ను అడిగారు, ఇంగ్లీషులోకి పారిపోలేదు. ఇష్టమైన సినిమాలో నచ్చనిది చెప్పడం తప్పు కాదని వాళ్లకు తెలిసిన రోజు అది.

రెండింట్లో ఒకటే తీసుకోగలిగితే: కన్నడం బాగా వచ్చి తెలుగు తడబడే పిల్లలకు గుండమ్మ కథ, ఇంట్లో తెలుగు బాగానే ఉండి పిలుపులూ వరసలూ రాని పిల్లలకు మిస్సమ్మ.

జంధ్యాల దగ్గరికి వచ్చేసరికి

శ్రీవారికి ప్రేమలేఖ, అహ నా పెళ్ళంట రెండూ జంధ్యాల తీసినవే. పదేళ్లు దాటని పిల్లలకు జంధ్యాల తొందరపాటే అవుతుంది. మాట మీద మాట, అక్షరం మీద అక్షరం దొర్లుకుంటూ వచ్చే ఆ వేగాన్ని పట్టుకోవాలంటే అప్పటికే చెవికి తెలుగు అలవాటు కావాలి. అలవాటైనవాళ్లకు మాత్రం పండగే.

శ్రీవారికి ప్రేమలేఖ 1984లో వచ్చింది. పొత్తూరి విజయలక్ష్మి నవల ఆధారం. ఊహల్లోని మనిషికి సరదాగా రాసిన ఉత్తరం నిజంగానే ఒకతని చేతికి చేరుతుంది. రాసినావిడను వెతుక్కుంటూ అతను బయలుదేరతాడు. పేరు లేకుండా పంపిన మాట ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఫోను ఉన్న ఏ పదమూడేళ్ల పిల్లకైనా ఈ కథ చాలు. ఆటగా పంపినది అవతలివాళ్లకు ఆట కాకపోవచ్చు. ఇందులోనే సినిమా కథను టైటిళ్ల దగ్గర నుంచి వరస తప్పకుండా చెప్పే శ్రీలక్ష్మి పాత్ర ఉంది. దాన్ని తరగతిలో పోటీగా పెట్టాం. ఒక్కొక్కరు తమకు నచ్చిన సినిమాను తెలుగులో, మొదటి అక్షరం పడినప్పటి నుంచీ చెప్పాలి. అయిదు నిమిషాలకు మించి మాట్లాడని పిల్లలు ఇరవై నిమిషాలు మాట్లాడారు.

అహ నా పెళ్ళంట 1987 నాటిది. పేరు మాయాబజార్ పాట నుంచి వచ్చిందని పిల్లలు వాళ్లంతట వాళ్లే గుర్తుపట్టేలా, మాయాబజార్ అయ్యాకే ఇది పెట్టండి. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు, కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సన్నివేశం శబ్దం లేకపోయినా నవ్విస్తుంది. నా మొదటి పరీక్షలో అది నెగ్గదు. కానీ పిసినారి కూతుర్ని చేసుకోవడానికి కథానాయకుడు అంతకు మించిన పిసినారిగా నటించే భాగం రెండో పరీక్షలో వందకు వంద.

ఈ సినిమా ఎంచుకోవడానికి అసలు కారణం బ్రహ్మానందం. ఆయన ముఖం తెలియని తెలుగు పిల్లవాడు మా అపార్ట్‌మెంటులో లేడు. ఫోన్లలో తిరిగే మీమ్‌లలో రోజూ చూస్తారు. ఆ ముఖం ఏ సినిమాలోది, ఎవరితో ఏమన్నప్పుడు అలా పెట్టారు అంటే మాత్రం ఒక్కరికీ తెలియదు. నటుడు కాకముందు ఆయన అత్తిలిలో తెలుగు లెక్చరరని చెబితే నోళ్లు తెరిచారు. ఆయనకు పేరు తెచ్చిన, లక్ష్మీపతి దగ్గర పనిచేసే అరగుండు పాత్ర ఇందులోనే ఉంది. తరగతిలో ఏం చేశామంటే, ఒక్కొక్కరు తమ దగ్గరున్న ఒక మీమ్ తెచ్చి దాని కింద రాసిన మాటను తెలుగులో చదివారు. తర్వాత అరగుండు సన్నివేశం ఒకటి చూసి, అందులో ఒక్క క్షణం దగ్గర బొమ్మ ఆపి, ఆ ముఖం కింద మూడు వేర్వేరు మాటలు రాశారు. ఒకే ముఖం మూడుసార్లు మూడు అర్థాలు చెప్పింది. బొమ్మ అబద్ధం చెప్పలేదు, కింద రాసిన మాట చెప్పింది. వార్తల ఫోటోల విషయంలోనూ ఇలా జరుగుతుందా అని ఒకమ్మాయి అడిగింది. పాత వరదల ఫోటోను ఈ ఏటి బెంగళూరు వానగా పంపితే ఎలా ఉంటుందో ఆలోచించమన్నాను.

హెచ్చరిక ఒకటి. అరగుండు తినే తిట్లు, దెబ్బలు పిల్లలకు విపరీతంగా నచ్చుతాయి, మరుసటి రోజు బస్సులో వాడతారు కూడా. యజమాని కాబట్టి తిట్టవచ్చా అని ఆ వెంటనే మాట్లాడాలి. వచ్చే వారానికి వాయిదా వేయకండి.

మర్యాద రామన్న: నలుపు తెలుపు అంటే మొహం తిప్పుకునే పిల్లలకు

రాజమౌళి 2010లో తీసిన ఈ సినిమాలో కత్తులున్నాయి, పగలున్నాయి. పన్నెండేళ్లలోపు పిల్లలకు పెట్టను. పెద్దపిల్లలకు మంచి ఎంపిక. గుమ్మం లోపల ఉన్నంతసేపు అతిథి ప్రాణం తీయకూడదన్న ఆ ఇంటి నియమం అర్థమయ్యాక, కథానాయకుడు బయటికి పోకుండా ఉండటానికి చెప్పే ప్రతి సాకూ నవ్విస్తుంది. రవితేజ గొంతుతో మాట్లాడే సైకిలు ఉంది. రాయలసీమ యాస వినవచ్చు; మా తరగతిలో కర్నూలు పిల్లలు ఆ రోజు పాఠం చెప్పారు, మిగతావాళ్లు విన్నారు.

దీని కథకు మూలం 1923లో బస్టర్ కీటన్ తీసిన మూకీ చిత్రం అవర్ హాస్పిటాలిటీ. 2011లో కన్నడంలో మర్యాదె రామణ్ణగా వచ్చింది. మాటలు లేనిది, తెలుగుది, కన్నడానిది, మూడింటి నుంచి అయిదేసి నిమిషాలు తీసి పక్కపక్కన చూపండి. మాట వచ్చి చేరాక నవ్వు ఎక్కడ మారిందో వాళ్లే చెబుతారు.

సబ్‌టైటిల్స్, సర్టిఫికెట్టు, మరికొన్ని

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టాలా వద్దా అన్నది సినిమా ఎంపికంత ముఖ్యం. మొదటి నెలలో పెట్టాను. పదేళ్ల అబ్బాయి ఒకడు ప్రతి మాటకూ అందరికన్నా ముందు నవ్వుతున్నాడు. తెలుగు చాలా బాగా వచ్చిందని సంతోషించాను. తర్వాత అతని పక్కన కూర్చుని చూస్తే, నటుడు నోరు తెరిచేలోపే కింది వరస చదివేసి నవ్వుతున్నాడు. చెవి ఖాళీగా ఉంది. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా. అర్థం కాని మాట ఉంటే చెయ్యి ఎత్తాలి, బొమ్మ ఆగుతుంది. రెండోసారి సబ్‌టైటిల్స్‌తో, అనువాదంలో ఏం పోయిందో పట్టుకోవడానికి. గింబళిని ఇంగ్లీషులో ఏమంటారో చూడాలన్న కుతూహలం అప్పుడు మొదలవుతుంది.

సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్టును దాటవేయకుండా చదివించండి. 1983 వరకు యూ (అందరూ చూడదగినది), ఏ (పెద్దలకు మాత్రమే) అనే రెండే తరగతులు ఉండేవి. యూఏ (పిల్లలకు పెద్దల మార్గదర్శనం కావలసినది), ఎస్ (వైద్యుల వంటి ప్రత్యేక వర్గాలకు) తర్వాత వచ్చాయి. 2023 సవరణతో యూఏ మళ్లీ 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. యూ అని ఉన్నంతమాత్రాన అది పిల్లల కోసమే తీసినదని కాదు. పోస్టరు మీద "సకుటుంబ సపరివార సమేతంగా" అని వేసేది సినిమా అమ్మేవాళ్లు, సర్టిఫికెట్టు ఇచ్చేది వేరేవాళ్లు. ఈ తేడా ఏడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

పాత సినిమా టైటిళ్లు చదవడం బెంగళూరు పిల్లలకు ఊహించినంత కష్టం కాదు. కన్నడ లిపి వచ్చినవాళ్లకు గ, జ, న, మ, ర, ల దాదాపు వచ్చినట్టే. క, త, శ దగ్గర ఆగుతారు. ఒక్క టైటిలు కాగితం మీద దింపుకుని రెండు లిపుల్లో రాయిస్తే నెల రోజుల వర్ణమాల శ్రమ తప్పుతుంది.

హక్కుల సంగతి చిన్నదే గానీ పిల్లల ముందు సరిగ్గా ఉండాలి. దొంగ ప్రతిని డౌన్‌లోడ్ చేసి మీడియా గురించి పాఠం చెప్పడం నాకు కుదరదు. హక్కుదారులు పెట్టిన చోటనే చూడండి. టిక్కెట్టు పెట్టి అపార్ట్‌మెంటు మొత్తానికి ప్రదర్శించాలంటే అనుమతి తీసుకోండి.

ఎవరికి ఏది

ఎనిమిదేళ్ల లోపు పిల్లలైతే మాయాబజార్‌లోంచి పాటలు, గింబళి, విందు సన్నివేశం చాలు; కథంతా చెప్పాలని ఆరాటపడవద్దు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు మాయాబజార్ పూర్తిగా, తర్వాత గుండమ్మ కథ గానీ మిస్సమ్మ గానీ. పన్నెండు దాటి, అమ్మ మాట్లాడేది మొత్తం అర్థమై, తిరిగి ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్లలు మనకు అన్నిటికన్నా ఎక్కువమంది. వాళ్లకు శ్రీవారికి ప్రేమలేఖతో మొదలుపెట్టండి. వాళ్లకు కావలసింది కొత్త మాటలు కాదు, ఉన్న మాటలు బయటికి రావడం. జంధ్యాల పాత్రలను అనుకరించాలన్న కోరిక ఆ పని చేస్తుంది. పద్నాలుగేళ్ల వాడు నలుపు తెలుపు చూడనని మొండికేస్తే మర్యాద రామన్న పెట్టి, కీటన్ వైపు నుంచి వెనక్కి తీసుకురండి. మూకీ సినిమా చూసి ఒప్పుకున్నవాడు మాయాబజార్‌ను కాదనడు.

ఒకే సంవత్సరంలో ఆరూ పెట్టాలని చూడకండి. మేము రెండేళ్లలో నాలుగే పూర్తి చేశాం. ఒక్క గింబళి దగ్గర రెండు ఆదివారాలు ఆగినా నష్టం లేదు.

వచ్చే ఆదివారం మిస్సమ్మ మొదలు. పదకొండు మందిలో ముగ్గురు బామ్మల్ని కూడా తీసుకొస్తామన్నారు. ఆ ముగ్గురూ 1955లో ఇంకా పుట్టలేదట, కానీ పాటలన్నీ వచ్చునట. కుర్చీలు ఇంకో అయిదు కావాలని క్లబ్‌హౌస్‌లో ఇప్పుడే చెప్పి వచ్చాను.